పొందూరు పంచె మీద ఎర్రమచ్చలు: చేసి చూసినవాళ్లే చెప్పండి

కంటోన్మెంట్ కోడలు (విజయనగరం):

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక కథ కొంచెం ఉంది. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా మావయ్యగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. గడప దాటితే పొందూరు పంచె, కండువా ఉండాల్సిందే. రోజువారీకి కట్టుకునేవి వేరే ఉన్నాయి. ఇది వాటిలోది కాదు, బాగా సన్నం నూలుది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలీదు. పెళ్లిళ్లకీ, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికీ తప్ప బీరువాలోంచి బయటికి రాదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను. అమ్మవారి గుడి దగ్గర్నుంచి కోట దాకా పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ మూడుసార్లూ ఆయన మూడు లాంతర్ల కూడలి దగ్గర తన పాత స్నేహితులతో నిలబడి చూడాలి. ఒంటిమీద ఆ పంచే ఉండాలి. అది ఆయన రూలు.

మొన్న గంజి పెడదామని తీస్తే పంచె మీద ఎర్రమచ్చలు. అచ్చం తుప్పు రంగు. కొన్ని ఆవగింజంత, ఒకటి రెండు మాత్రం రూపాయి బిళ్లంత ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లని అడగొచ్చు కదా అంటారు. అడక్కుండా ఉంటానా! అత్తయ్య పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పంచెలు ఉతికిన మనిషి. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేక ఈ మధ్యే ఆ డ్యూటీ నాకు అప్పగించారు. "గంజి ఎంత పలచన ఉండాలి అత్తయ్యా?" అంటే "చేతికి తెలుస్తుందే" అంటారు. "నీలిమందు ఎన్ని చుక్కలు?" అంటే "కంటికి తెలిసిపోతుంది" అంటారు. నా చేతికీ కంటికీ ఇంకా తెలియడం లేదు, అదీ సమస్య. మచ్చల సంగతి ఎత్తితే మాత్రం "నా చేతిలో ఎప్పుడూ పడలేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటలో ఇంకా ఏమేం ఉన్నాయో ఇక్కడి కోడళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

నరసన్నపేటలో ఉన్న మా అమ్మని అడుగుదామంటే, నేను ఫోను పెట్టేయగానే ఆ కబురు పెద్దమ్మకి చేరుతుంది. పెద్దమ్మ నుంచి మా ఆడపడుచుకి, ఆవిడ దగ్గర్నుంచి అత్తయ్యకి. సాయంత్రం కాఫీ టైముకి తిరిగి మా వంటింట్లోనే తేలుతుంది. ముక్కూ మొహం తెలియని మిమ్మల్ని అడిగితే ఆ గొడవ లేదు. నా గురించి ఏమనుకున్నా మీరు మా ఇంటికి భోజనానికి రారు.

డ్రైక్లీనింగ్ షాపాయనకి చూపించాను. వేళ్లతో పట్టుకుని చూసి "గ్యారంటీ లేదు మేడమ్, చిరిగితే మాకు సంబంధం లేదు" అన్నాడు. యూట్యూబ్‌లో ఒకావిడ టూత్‌పేస్ట్ రాయమంది, ఒకాయన వెనిగర్ పొయ్యమన్నాడు, ఇంకో మహానుభావుడు టాయిలెట్ క్లీనర్ వాడాడు. అందరికీ రెండు నిమిషాల్లో మచ్చ పోయింది. అందరి చేతుల్లోనూ ఉన్నది మాత్రం మందపాటి టెర్రీకాటన్ చొక్కాలే.

నా అనుమానం బోరు నీళ్ల మీద. మా వీధి బోరు నీళ్లు బకెట్లో పట్టి ఉంచితే తెల్లారేసరికి అడుగున ఎర్ర మడ్డి పేరుకుంటుంది. కిటికీ వెలుగులో ఫోటో తీసి పెట్టాను, చూడండి. మచ్చలు ఏమిటో, గుడ్డ పాడవకుండా ఎలా పోతాయో చెప్పండి. గంజి కొలత చెంచాల్లో చెప్పగలిగిన పుణ్యాత్ములుంటే అదీ చెప్పండి. విన్నవాళ్లు వద్దు, చేసి చూసినవాళ్లు కావాలి.


సూపర్ టిప్స్:

తెల్ల గుడ్డే కదా. బ్లీచ్ ఒక మూత వేసి గంట నానబెట్టండి. తళతళ. సింపుల్.


రిటైర్డ్ లెక్చరర్, కెమిస్ట్రీ (శ్రీకాకుళం):

అమ్మా, పై సలహా దయచేసి పాటించకండి. అది ఇనుము మచ్చే అయితే బ్లీచ్ దాన్ని తీయదు, ఇంకా ముదురుస్తుంది. తుప్పంటేనే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తయారయ్యేది. బ్లీచ్ చేసే పని కూడా ఆక్సిజన్ అందించడమే. కాలిన చోట వాత పెట్టినట్టవుతుంది. ఇంకొకటి, అసలు ముఖ్యమైనది. ఎవరో బ్లీచ్ అన్నారని అది పోసి, పోలేదని దాని మీదే ఇంకెవరో చెప్పిన నిమ్మరసమో వెనిగరో టాయిలెట్ క్లీనరో పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పదిమంది చెప్పిన పది చిట్కాలూ ఒకే బకెట్లో కలపకూడదని ఇందుకే మొత్తుకుంటాను.

ఇక మీ ప్రశ్న. మీరు బోరు నీళ్ల మీద అప్పుడే కేసు రాసేశారు. సాక్ష్యం చూడకుండా నేను తీర్పు చెప్పలేను. ఫోటోలో పంచె మడతపెట్టి ఉంది, నాకు కనిపిస్తున్నది ఒక మూలే. పంచె మొత్తం మంచం మీద పరవండి. మచ్చలు గుడ్డంతా చెదురుగా ఉన్నాయా, మడతల మీదే ఉన్నాయా, ఒక వరసలో ఉన్నాయా? అదే నీళ్లతో ఉతికిన తెల్ల తువ్వాళ్లకీ దిండు గలీబులకీ వచ్చాయా? మచ్చ అంచు స్పష్టంగా ఉందా, పాకినట్టుందా? చివరగా, అన్నిటికన్నా చిన్న మచ్చ మీద ఒక్క చుక్క నిమ్మరసం వేసి కాసేపు ఆగి, మంచినీళ్లతో కడిగి చూడండి. రంగు తగ్గితే ఇనుము. ఏమాత్రం కదలకపోతే పాత గంజి పసుపెక్కిందో, బూజు పట్టిందో అనుకోవాలి. దానికి వైద్యం వేరు.

ఇవి చెప్పాక మాట్లాడతాను.


కంటోన్మెంట్ కోడలు:

మాస్టారూ, మీరు పరీక్ష పెట్టారు, రాసుకొచ్చాను.

పంచె మంచం మీద పూర్తిగా పరిచాను. ఇన్నాళ్లూ మడత విప్పి విప్పనట్టు చూశాను కాబట్టి తెలీలేదు. మచ్చలు చెదురుగా లేవండీ! పంచె పొడుగుకి సరిగ్గా నడిమధ్యన, అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే గీత మీద ఉన్నాయి. స్కేలు పెట్టి గీసినట్టు. కండువా మీద కూడా అంతే, మధ్యలో ఒక వరస. తువ్వాళ్లు కొంచెం పసుపు తిరిగాయి గానీ మచ్చల్లేవు. నిమ్మరసం వేసిన మచ్చ సగానికి సగం వెలిసింది.


రిటైర్డ్ లెక్చరర్, కెమిస్ట్రీ:

భేష్. ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న. మీ దండెం దేనితో కట్టారు?


కంటోన్మెంట్ కోడలు:

ఇనుప తీగ!!!

2014లో హుద్‌హుద్ తుఫానుకి మేడ మీద నైలాన్ తాడు, దానికి కట్టిన కర్రలతో సహా ఎగిరిపోయింది. "ఇక జన్మలో తెగదు" అని మా ఆయన బైండింగ్ తీగ లాంటిది తెచ్చి రెండు ఇనుప రాట్లకి బిగించారు. నిజంగానే తెగలేదు. ఇప్పుడే మేడెక్కి చేత్తో రాసి చూస్తే అరచెయ్యంతా ఎరుపు. తువ్వాళ్లు, చీరలు పిట్టగోడ మీద ఆరేస్తాను. పంచె పొడుగు కాబట్టి అదొక్కటే తీగ మీద వేస్తున్నాను.

అత్తయ్యకి చెప్పాను. "నేను వెదురు గెడ మీద తప్ప ఎప్పుడూ వేయలేదు కదే" అన్నారు. మరి చెప్పలేదేం అంటే "నువ్వు అడిగితే కదా!" అన్నారు. గంజి గురించి అడిగాను, నీలిమందు గురించి అడిగాను. ఎక్కడ ఆరేయాలి అని అడగాలని నాకెలా తెలుస్తుంది చెప్పండి?


మగ్గం ఇంటి కుర్రాడు (పొందూరు):

అక్కా, మచ్చ తీసే ముందు నా మాట కూడా వినండి. మా అమ్మ ఇప్పటికీ నూలు వడుకుతాది. ఆ గుడ్డ ఎంత సుకుమారమో తెలిస్తే మీరు బ్రష్ ముట్టుకోరు.

మిల్లు నూలు మిషను మీద ఒకే బిగువుగా పేనుతారు. మాది చేత్తో వడికింది, ఒక దగ్గర బిగువు, ఒక దగ్గర వదులు. సన్న రకాలు 100 నంబరు నూలుతో నేస్తారు. నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నం. 100 నంబరంటే ఒక్క పౌను బరువులో 84 వేల గజాల దారం. అంత సన్నం నూలు రావాలంటే ముందు పత్తి శుభ్రంగా ఉండాలి. మా వాళ్లు గింజ మీద పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడకి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మామూలు దువ్వెన పనికిరాదు. బయట నుంచి వచ్చినవాళ్లు అది చేప పళ్లంటే నమ్మరు, పట్టుకుని చూసి ఫోటోలు తీసుకుంటారు. ఆ తర్వాత గింజ తీసి, దూది చేసి, ఏకులు చుట్టి రాట్నం మీద వడుకుతారు. అందుకే ఆ ధర. షాపులో బేరమాడేవాళ్లని ఒక పూట మా అమ్మ పక్కన కూర్చోబెట్టాలి అనిపిస్తాది, సర్లెండి.

చెప్పొచ్చేదేమంటే, బండ మీద బాదకండి. పిండి మెలిపెట్టకండి. మెలి పెట్టిన చోట వదులు నూలు జరిగిపోయి గుడ్డ జల్లెడవుతాది. మచ్చ ఉన్న చోట గోటితో గీకకండి. నీళ్లలో ముంచి పైకీ కిందకీ ఆడించి, రెండు అరచేతుల మధ్య నొక్కి నీరు తీయాలి. ఎత్తేటప్పుడు కూడా ఒక మూల పట్టుకుని లాగకుండా మొత్తం రెండు చేతుల మీదికి తీసుకోండి. తడిసిన పంచె బరువెక్కుతాది, ఆ బరువంతా ఒక్క మూల మీద పడకూడదు.

నీడన ఆరేయండి. తీగ మీద మాత్రం వద్దు, ఇప్పటికి మీకే తెలిసిందనుకోండి.


సిక్కోలు బిడ్డ (బెంగళూరు):

క్షమించాలి, మధ్యలో దూరుతున్నాను. ఇంత పెద్ద థ్రెడ్ ఎందుకండీ? ఫోన్‌లో ఏఐని అడిగితే పది సెకన్లలో చెప్పేస్తుంది కదా?


కంటోన్మెంట్ కోడలు:

అడిగాను తమ్ముడూ. చాలా మర్యాదగా, పద్ధతిగా ఎనిమిది మార్గాలు చెప్పింది. బోరు నీళ్ల మచ్చలు ఎలా పోతాయి అని అడిగాను కాబట్టి బోరు నీళ్ల మచ్చల గురించే చెప్పింది. తప్పేం లేదు, నేనడిగిందే అది. మాస్టారు మాత్రం నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎదురు నాలుగు ప్రశ్నలు వేశారు. దండెం సంగతి అలా బయటపడింది. నిజానికి మొదట నాకు కాస్త చిరాకేసింది. అడిగినదానికి చెప్పరేం, పాఠం మొదలెట్టారేం అని.


పాత పాఠకురాలు (బొబ్బిలి):

అమ్మాయ్, నువ్వు రాసింది చదువుతుంటే నవ్వొచ్చింది. తెలియనివాళ్లని ఇంటి సంగతులు అడగడం మీ ఫోన్లతో వచ్చిందనుకుంటున్నారు మీరంతా. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' దశాబ్దాల పాటు నడిచింది. ఆవిడ మద్రాసులో, మేము బొబ్బిలిలో. ఆవకాయ బూజు పట్టిందని ఒకరు, అత్తగారితో పడలేకపోతున్నానని ఒకరు ఉత్తరాలు రాసేవాళ్లు. జవాబు కోసం వారం వారం పత్రిక తిరగేయడమే. మన ప్రశ్నకి జవాబు లేకపోయినా పక్కింటావిడ అడగాలనుకుని అడగలేకపోయిన దానికి ఉండేది. మా ఇంట్లో ఆ పేజీ మగవాళ్లు కూడా చదివేవారు, చదవనట్టు నటిస్తూ.

ఒక తేడా ఉందిలే. ఉత్తరం రాసేటప్పుడు మళ్లీ అడిగే వీలుండదు కాబట్టి మొదటిసారే అన్నీ రాసేవాళ్లం. ఏ ఊరు, ఏ నెల, ఏ నూనె, ఉప్పు ఎంత, జాడీ ఏది. ఇప్పుడు "ఆవకాయ పాడైంది, ఏం చేయాలి?" అని ఒక్క లైను పెట్టి ఊరుకుంటున్నారు. నీ ప్రశ్న అలా లేదు కాబట్టే నేను ఆగి చదివాను.


సిక్కోలు బిడ్డ:

అమ్మా, మీ పత్రికలైనా ఎవరి అటకమీదో దొరుకుతాయి. మేం ఇంజనీరింగ్ రోజుల్లో యాహూ ఆన్సర్స్‌లో అడగని ప్రశ్న లేదు. 2005లో మొదలైంది, 2021 మే 4న మూసేశారు. హాస్టల్లో హీటర్ కాయిల్ మాడిపోతే ఏం చేయాలి దగ్గర్నుంచి అన్నీ అందులోనే. ఇప్పుడు ఆ పేజీలు తెరుచుకోవు. అక్కా, మీ జవాబు దొరికాక ఈ థ్రెడ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.


కంటోన్మెంట్ కోడలు:

అందరూ ఒక్క నిమిషం ఆగండి. ఇందాక ఎవరో నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "మేడమ్, ఖాదీ స్పెషలిస్టులం, ఇంటికొచ్చి తీసుకెళ్తాం, మచ్చ గ్యారంటీగా పోతుంది, ముందు 199 పంపండి, పని నచ్చకపోతే రీఫండ్" అని ఒక క్యూఆర్ కోడ్. ఇక్కడ ఎవరికైనా తెలుసా వీళ్లు?


బ్యాంకు కౌంటర్ (రాజాం):

పంపకండి మేడమ్. మా కౌంటరు దగ్గరికి రోజూ ఎవరో ఒకరు ఇలాంటి కథతోనే వస్తారు. వీళ్లు ఇలాంటి చోట్ల కాపు కాసి, ఎవరు టెన్షన్‌లో ఉన్నారో చూసి విడిగా పలకరిస్తారు. 199కి చాలామంది ఆలోచించరు. అసలు దెబ్బ రీఫండ్ దగ్గర ఉంటుంది. "డబ్బు వాపసు కోసం ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. ఎవరైనా ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

నిజంగా సాయం చేసేవాళ్లు అందరి ముందూ చెబుతారు. తప్పు చెబితే పక్కవాళ్లు దిద్దుతారు, పైన బ్లీచ్ సంగతి చూశారుగా. విడిగా చెబితే దిద్దేవాళ్లుండరు.


రిటైర్డ్ లెక్చరర్, కెమిస్ట్రీ:

సరే, ఇక పంచె. మీరు చెప్పినవన్నీ చూశాక ఇది తీగ తుప్పేనని నాకు సందేహం లేదు. బోరు నీళ్లు కొంత దోషులే, తువ్వాళ్లు పసుపు తిరగడం వాటి పనే. బోరులోంచి వచ్చినప్పుడు ఇనుము కరిగి ఉంటుంది కాబట్టి నీళ్లు తేటగా కనిపిస్తాయి. గాలి తగిలాక ఎర్ర మడ్డిగా విడిపోతుంది. సబ్బూ సోడా తగిలితే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. అందుకని ఈ పంచెకి మున్సిపల్ కుళాయి నీళ్లే వాడండి, మొదటి నుంచి చివరి జాడింపు దాకా.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, అడగండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక టీ స్పూను కరిగించండి. పంచెకి రంగు అంచు ఉంటే ముందు దాని లోపలి మూల ఒక చుక్క వేసి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి. రంగు దిగితే అంచుకి తగలకుండా చేయాలి. మచ్చ కింద మడతపెట్టిన పాత తెల్ల గుడ్డ పెట్టి, పైనుంచి చెంచాతో నిమ్మ ఉప్పు నీళ్లు కొద్దికొద్దిగా వేస్తూ ఉండండి. రుద్దే పని లేదు. తుప్పు కరిగి కింది గుడ్డలోకి దిగుతుంది, ఆ గుడ్డని జరుపుతూ ఉండాలి. లేత ఎండలో చేస్తే ఇంకొంచెం చురుగ్గా పని చేస్తుంది గానీ మచ్చ ఉన్న చోటు ఆరనివ్వకూడదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. నీరు ఆరేకొద్దీ ఆమ్లం చిక్కబడి నూలుని తింటుంది. ఇవాళ ఏమీ కనిపించదు, తర్వాత ఉతికినప్పుడు అక్కడ చిల్లు పడుతుంది. చాలామంది "నిమ్మకాయ రాసి ఎండలో వదిలేయండి" అంటారు. మందపాటి దుప్పటికి చెల్లుతుందేమో, మీ పంచెకి చెల్లదు.

మచ్చ పోయాక బోలెడు నీళ్లలో జాడించండి, నీళ్లు మార్చి మళ్లీ జాడించండి. ఆ తర్వాత బకెట్ నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి ఒకసారి ముంచి తీస్తే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది. సోడా ముందే వేయకండి, కరిగిన ఇనుము మళ్లీ గుడ్డ మీదే కూర్చుంటుంది.

ఆగ్జాలిక్ ఆమ్లం అని తుప్పుకి ఇంతకన్నా గట్టి మందుంది. అది విషం. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి వెళ్లొద్దు.


ఇస్త్రీ బండి (ఆమదాలవలస):

గంజి గురించి ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తాను. రోజూ చేసే పని.

రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం కాసేపు నానబెట్టి, లీటరు నీళ్లలో పోసి, గింజ కనబడకుండా అద్దంలా అయ్యేదాకా కాయండి. పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే ఉండలు పంచెకి అంటుకుని ఇస్త్రీ పెట్టె కింద మాడతాయి, పసుపు మరక పడుతుంది, మళ్లీ ఇక్కడికే వస్తారు. దాన్ని మూడు లీటర్ల నీళ్లలో కలిపితే ఒక పంచెకీ కండువాకీ సరిపోతుంది. నీలిమందు కావాలంటే ముందు నీళ్లలో వేసి బాగా కలిపాకే గంజి పొయ్యండి. దోసిట్లోకి తీసుకుంటే నీళ్లు నీలంగా కనబడీ కనబడనట్టుండాలి, అంతే. చుక్క నేరుగా గుడ్డ మీద పడితే నీలం మచ్చ. ఎర్రది పోయి నీలంది వచ్చిందని ఏడవాలి.

పూర్తిగా ఎండనివ్వకండి. కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ. ఎండిపోయాక నీళ్లు చల్లి చేస్తే అక్కడక్కడ మెరుపు, అక్కడక్కడ ముడత.


పాత పాఠకురాలు (బొబ్బిలి):

సగ్గుబియ్యం గంజి బిరుసు బాబూ. పొందూరు పంచెకి అన్నం వార్చిన గంజి, అదీ పచ్చి బియ్యానిది, ఉప్పు వేయనిది. మెత్తగా నిలబడుతుంది.


ఇస్త్రీ బండి:

నిజమే అమ్మా, కాదన్ను. అన్నం వార్చేదెవరు ఇప్పుడు? అందరివీ కుక్కర్లు. మా ఇంట్లోనే గంజి లేదు, చోడి అంబలి తప్ప.


మగ్గం ఇంటి కుర్రాడు:

ఏ గంజైనా సరే, పండగయ్యాక గంజి పోయేలా ఉతికి ఆరేసి అప్పుడు బీరువాలో పెట్టండి. గంజి గుడ్డంటే బొద్దింకలకీ పురుగులకీ విందు. మడతలు కూడా అప్పుడప్పుడూ మార్చాలి, లేకపోతే మడత మీదే నూలు తెగుతాది. ఇనుప బీరువా అయితే పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, అరకి నేరుగా తగలకుండా.


కంటోన్మెంట్ కోడలు:

చేశాను. వంటింటి గట్టు మీద, కిటికీ పక్కన, మావయ్యగారు ట్యూషన్ చెప్పడానికి వెళ్లిన టైము చూసుకుని. నిమ్మ ఉప్పు నీళ్లు వేసినప్పుడు మొదట ఏమీ కాలేదు, గుండె ఆగినంత పనైంది. తర్వాత మచ్చ అంచు నుంచి లోపలికి కరగడం మొదలైంది. కింద పెట్టిన పాత గుడ్డ మీద లేత టీ రంగు దిగింది. చిన్నవన్నీ ఆనవాలు లేకుండా పోయాయి. రూపాయి బిళ్లంతవి రెండూ లేత గోధుమరంగు దగ్గర ఆగాయి. ఇంకా చేద్దామా అనుకుంటూ ఉంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడ్డారు. చెంచా తీసుకుని చూసి, గుడ్డని వెలుతురుకి ఎత్తి "చాలు, ఇంక నూలు ఓర్వదు" అన్నారు. ఆపేశాను. ఆ రెండూ కుచ్చిళ్ల లోపలికి వెళ్లిపోతాయి, పైకి కనబడవు.

గంజి విషయంలో మాత్రం మా ఇంట్లో రాజీ కుదిరింది. ఇస్త్రీ బండి అన్నయ్య కొలత, బొబ్బిలి అమ్మగారి పచ్చి బియ్యం. బియ్యం పొడి చేసి సగ్గుబియ్యం బదులు అంతే కొలత వేశాను. అత్తయ్య వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రాసి, ఇంకో గ్లాసు నీళ్లు పోయించారు.

కొత్త దండెం నైలాన్‌ది వచ్చింది. పాత తీగ విప్పమంటే మా ఆయన "అది ఇంకో ఇరవై ఏళ్లు వస్తుంది, పెరట్లో బీరపాదుకి పనికొస్తుంది" అని చుట్టచుట్టి దాచారు.

మంగళవారం మావయ్యగారు ఆ పంచె కట్టుకుని వెళ్లారు. మచ్చల సంగతి ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఆయన ఫోన్లో ఇలాంటివి చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.


కొత్త సభ్యురాలు (పలాస):

అక్కా, థ్రెడ్ అంతా చదివాను. నాదీ ఒకటి. మా అబ్బాయి తెల్ల లాల్చీ మీద పెళ్లి పసుపు పడింది. ఏం చేయాలి?


కంటోన్మెంట్ కోడలు:

ముందు ఇవి చెప్పు చెల్లీ. సబ్బు పెట్టారా? పెడితే ఎర్రగా మారిందా? లాల్చీ నూలుదా, పట్టుదా? నూలుదే అయితే మళ్లీ సబ్బు పెట్టకుండా తడిపి ఎండలో ఆరేయండి. పసుపు రంగుకి ఎండ పడదు, వెలిసిపోతుంది. పట్టుదైతే ఎండలో వేయకండి, మాస్టారు వచ్చేదాకా ఆగండి. ఆరేసేది మాత్రం దేని మీదో చూసుకోండి.